ఆర్థిక వృద్ధి – పరిరక్షణ: శాస్త్ర సంఘాల బాధ్యత
(గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతాల చారిత్రక పరిశీలన)

వ్యాస సంగ్రహం

ఆర్థిక వృద్ధికీ ప్రకృతి పరిరక్షణకూ మధ్య తలెత్తే వైరుధ్యాన్ని వృత్తి శాస్త్రవేత్తల సంఘాలు ఎలా చూశాయన్నది ఈ వ్యాస విషయం. ఇందుకు పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లా నుంచి ఏర్పడిన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల చరిత్రను ఆధారంగా గ్రహించడమైనది. ఈ ప్రాంతపు పక్షులను, మనుషులను, మొక్కలను, ఆలయాలను, శిలలను శాస్త్రాలు వేటికవే నమోదు చేశాయి. ఆ లెక్కలన్నింటినీ ఒకచోట చేర్చి వృద్ధి మూల్యమెంతో చెప్పే పని మాత్రం శాసనబద్ధ కమిటీలకు మిగిలింది. అమ్రాబాద్ యురేనియం అన్వేషణ వివాదం (2016–2019) ఈ ఏర్పాటులోని లోపాన్ని ఎలా బయటపెట్టిందో, కేరళలోని సైలెంట్ వ్యాలీ అనుభవం ఏ మార్గాన్ని సూచిస్తుందో ఈ వ్యాసం వివరిస్తుంది.

1. ఉపోద్ఘాతం

2019 సెప్టెంబరు 16న తెలంగాణ శాసనసభ నల్లమల అడవుల్లో యురేనియం తవ్వకాలను వ్యతిరేకిస్తూ ఏకగ్రీవంగా తీర్మానం చేసింది. రాష్ట్ర మంత్రి కె. తారక రామారావు ఆ తీర్మానాన్ని ప్రవేశపెట్టారు. అంతకు నాలుగు నెలల ముందే, 2019 మే 22న, కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖకు చెందిన అటవీ సలహా కమిటీ అదే అడవిలో యురేనియం అన్వేషణకు సూత్రప్రాయంగా సమ్మతిని సిఫారసు చేసింది. ఇంకా వెనక్కి వెళితే, 2016 డిసెంబరులో రాష్ట్ర వన్యప్రాణి మండలి కూడా ఆ ప్రతిపాదనను సిఫారసు చేసింది. వన్యప్రాణులను, అడవులను కాపాడటానికే చట్టం ఏర్పరచిన రెండు వేదికలు అవుననగా, ప్రజాప్రతినిధుల సభ కాదన్నది.

ఈ విపర్యయం చరిత్రకారునికి ఆసక్తికరమైన ప్రశ్నను మిగులుస్తుంది. శాస్త్రజ్ఞులకు స్థానమున్న వేదికల నుంచి రావలసిన అభ్యంతరం పల్లెల నుంచి, వీధుల నుంచి ఎందుకు రావలసి వచ్చింది? దీనికి సమాధానాన్ని కేవలం 2019 నాటి రాజకీయాల్లో వెతికితే సరిపోదు. శాస్త్రాలు ఈ నేలను ఏ విధంగా చూశాయో, తాము చూసినదాన్ని ఎక్కడ రాసిపెట్టాయో దాదాపు తొంభై ఏళ్ల కాలం మీద పరిశీలించవలసి ఉంటుంది.

2. వృద్ధిపై శాస్త్ర సంఘాల ప్రకటనలు

వృత్తి శాస్త్రవేత్తల సంఘాలు సాధారణంగా తమ రంగానికి సంబంధించిన విషయాలపైనే అభిప్రాయం ప్రకటిస్తాయి. ఒక జాతి అంతరించిపోతున్నదని, ఒక సరస్సు కలుషితమైందని చెప్పడానికి అవి వెనుకాడవు. ఆ నష్టాలన్నింటికీ ఆర్థిక వృద్ధే మూలకారణమా అన్న ప్రశ్న మాత్రం చాలాకాలం ఆర్థికశాస్త్రానికే విడిచిపెట్టబడింది. ఈ మౌనం అమెరికాలో 2000 తర్వాతి దశాబ్దంలో వీడింది. 1937లో ఏర్పడిన వన్యప్రాణి శాస్త్రవేత్తల సంఘం ‘ది వైల్డ్‌లైఫ్ సొసైటీ’ 2003లో ఆర్థిక వృద్ధికీ వన్యప్రాణి పరిరక్షణకూ గల సంబంధంపై సాంకేతిక సమీక్షను ప్రచురించింది. ఈ రెండింటి మధ్య మౌలికమైన వైరుధ్యం ఉన్నదని ఆ సమీక్ష సారాంశం. అమెరికా పర్యావరణ అర్థశాస్త్రవేత్తల సంఘం కూడా ఇంచుమించు అదే కాలంలో ఇటువంటి వైఖరినే ప్రకటించింది. క్షీరద శాస్త్రవేత్తల సంఘం తర్వాత ఆ దారిలో నడిచింది.

ఈ ప్రకటనల వెనుక ఉన్న తర్కం క్లిష్టమైనది కాదు. మానవ ఆర్థిక వ్యవస్థకు కావలసిన భూమి, నీరు, ఖనిజం, ఇంధనం ప్రకృతి నుంచే రావాలి. ఆ వ్యవస్థ విస్తరించే కొద్దీ ఇతర జీవుల ఆవాసం కుదించుకుపోతుంది. సాంకేతిక నైపుణ్యం వల్ల ఒక్కొక్క వస్తువుకు పట్టే వనరు తగ్గవచ్చు గాని, వస్తువుల సంఖ్య అంతకన్నా వేగంగా పెరిగితే మొత్తం భారం తగ్గదు. దీనికి ఎదురువాదమూ ఉన్నది. సంపన్న దేశాలే అడవులపైనా స్వచ్ఛమైన నీటిపైనా ఎక్కువ వెచ్చించగలవని, కనుక వృద్ధే పరిరక్షణకు దారి తీస్తుందని కొందరు అర్థశాస్త్రవేత్తలు వాదిస్తారు. అమెరికా పర్యావరణ శాస్త్ర సంఘం 2009లో వెలువరించిన ప్రకటనలో మధ్యేమార్గాన్ని అనుసరించింది. వృద్ధినే దోషిగా నిలబెట్టక, ప్రకృతికి జరిగే నష్టాన్ని ఆర్థిక గణనలో చేర్చాలని కోరింది.

ఈ మాటలు సంపన్న సమాజంలో పుట్టినవి. కరువుకూ వలసకూ పేరుపడిన పాలమూరు నేలకు వీటిని యథాతథంగా అన్వయించడం సాధ్యం కాదు. అయినా ఇందులో గమనించవలసిన అంశం ఒకటి ఉన్నది. ఆయా సంఘాలు తమ అభిప్రాయాన్ని తమ పేరుతో, తమ పత్రికల్లో, తోటి శాస్త్రవేత్తల విమర్శకు లోబడి ప్రకటించాయి. ఏ ప్రభుత్వ దస్త్రమూ తమను అడగక ముందే మాట్లాడాయి.

3. నల్లమలలో తొలి శాస్త్ర నమోదులు

నల్లమలకు ఆధునిక శాస్త్రం కొత్తగా వచ్చింది కాదు. 1883లో ఏర్పడిన బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘం భారతదేశంలోని ప్రాచీనమైన వృత్తి, అభిరుచి శాస్త్ర సంఘాలలో ఒకటి. ఆ సంఘపు పక్షిశాస్త్రజ్ఞుడు సాలిం అలీ నిజాం ప్రభుత్వ ఆర్థిక సహాయంతో 1931–32లో హైదరాబాదు రాష్ట్ర పక్షుల సర్వేను నిర్వహించాడు. నేటి నాగర్‌కర్నూల్ జిల్లాలోని మన్ననూరు, ఫర్హాబాదు ఆ సర్వే మజిలీలలో ఉన్నాయి. సర్వే ఫలితాలు 1933–34లో సంఘ పత్రికలో వరుసగా అచ్చయ్యాయి. నిజాం ప్రభువుల వేట విడిదిగా ఉన్న ఫర్హాబాదు ఆ విధంగా ఒక శాస్త్ర పత్రికలోకి ఎక్కింది. వేటగాని కన్ను ఎంచుకున్నది పెద్ద జంతువులను. సర్వే మాత్రం చిన్న పిట్టలను కూడా వదలక లెక్కపెట్టింది.

తర్వాతి నమోదు మనుషులది. రెండవ ప్రపంచ యుద్ధం మొదలైనప్పుడు హైదరాబాదులో ఉండిపోయిన ఆస్ట్రియా దేశపు మానవశాస్త్రజ్ఞుడు క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్-హైమండార్ఫ్ 1940లో అమ్రాబాద్ పీఠభూమిపై చెంచుల మధ్య నివసించి వారి జీవనాన్ని అధ్యయనం చేశాడు. చెంచులపై ఆయన రాసిన గ్రంథం 1943లో వెలువడింది. పెంటల్లో నివసిస్తూ గడ్డలు, తేనె, పండ్లు సేకరించి బతికే ఆ సమాజానికి అడవి మీద గల ఆధారపడుటను ఆ గ్రంథం వివరించింది. ఆయన సూచనల మేరకు నిజాం ప్రభుత్వం ఎగువ అమ్రాబాద్‌లో దాదాపు లక్ష ఎకరాలను చెంచులకై ప్రత్యేకించింది. ఒక శాస్త్ర పరిశీలన నేరుగా ప్రభుత్వ నిర్ణయంగా మారిన సందర్భాలలో ఇది ఈ ప్రాంతానికి సంబంధించి ముఖ్యమైనది.

మూడవ నమోదు మొక్కలది. భారత వృక్ష సర్వేక్షణ సంస్థ తరఫున జె.ఎల్. ఎల్లిస్ నల్లమల వృక్షజాలంపై చేసిన అధ్యయనం రెండు సంపుటాలుగా 1987, 1990 సంవత్సరాలలో ప్రచురితమైంది. ఈలోగా అడవి చట్టపరమైన స్థితి కూడా మారింది. 1978లో నాగార్జునసాగర్–శ్రీశైలం అభయారణ్యం ఏర్పడింది. 1983లో అది పులుల పరిరక్షణ పథకంలో చేరింది. 2014లో రాష్ట్ర విభజన తర్వాత తెలంగాణలోని భాగం అమ్రాబాద్ టైగర్ రిజర్వుగా రూపొందింది. నాగర్‌కర్నూల్, నల్లగొండ జిల్లాల్లో విస్తరించిన దీని వైశాల్యం 2,611 చదరపు కిలోమీటర్లు. అందులో 2,166 చదరపు కిలోమీటర్లు కీలక ప్రాంతం.

ఈ మూడు నమోదులూ ఒకే అడవికి చెందినవి. అయినా పక్షుల జాబితాలో చెంచులు లేరు. చెంచుల గ్రంథంలో మానవ సమాజమే ప్రధానం. వృక్షజాల సంపుటాల్లో మొక్కల పేర్లు, లక్షణాలు ఉన్నాయి. ప్రతి శాస్త్రమూ తన ధర్మాన్ని చక్కగా నిర్వర్తించింది. అన్నింటినీ పక్కపక్కన పెట్టి చదవవలసిన అవసరం మాత్రం వేరొకరికి మిగిలింది.

4. కృష్ణాతీరం: ఆలంపురం నుంచి సోమశిల వరకు

పరిరక్షణ అన్న మాట అడవులకే పరిమితం కాదు. గద్వాల, వనపర్తి, కొల్లాపురం సంస్థానాల గుండా పారే కృష్ణాతీరంలో పరిరక్షణ ప్రశ్న మొదట శిల్పసంపద రూపంలో ఎదురైంది. 1963లో శంకుస్థాపన జరిగిన శ్రీశైలం ప్రాజెక్టు 1980ల తొలి సంవత్సరాలలో పూర్తయి, జలాశయం నిండినప్పుడు నదికి రెండు వైపులా వంద వరకు గ్రామాలు ముంపునకు గురయ్యాయి. దాదాపు లక్ష మంది నిర్వాసితులయ్యారు.

పురావస్తు శాస్త్రం ఈ సందర్భంలో శ్రద్ధగా పనిచేసింది. కృష్ణా తుంగభద్రల సంగమం వద్ద కూడవెల్లిలో ఉన్న సంగమేశ్వరాలయాన్ని రాయి రాయికీ సంఖ్య వేసి విప్పి ఆలంపురానికి తరలించారు. పాపనాశి ఆలయ సముదాయాన్ని ముంపు అందని చోట తిరిగి నిలబెట్టారు. చాళుక్యుల నాటి నవబ్రహ్మ ఆలయాలను నదీజలాల నుంచి కాపాడటానికి ఆలంపురం పక్కన గోడ కట్టారు. దిగువన జటప్రోలు, సోమశిల ఆలయాలకు కూడా స్థలమార్పిడి జరిగింది. నేడు ఈ ఆలయాలను దర్శించే యాత్రికునికి అవి అక్కడే పుట్టినట్లు కనిపిస్తాయి.

ఈ కృషి ప్రశంసించదగినది. ఇదే సమయంలో ఇందులో ఒక పాఠమూ ఉన్నది. నిర్మాణం జరగాలన్న నిర్ణయం ముందే జరిగిపోయింది. ఆ నిర్ణయం పరిధిలో ఏది మిగుల్చుకోగలమో చూడటమే శాస్త్రజ్ఞునికి అప్పగించిన పని. ఆలయాన్ని విప్పి మరొకచోట కట్టవచ్చు. నది ఒడ్డున పండిన ఒండ్రు నేలను, చేపల వేటను, ఊరి బంధుత్వాలను ఆ విధంగా సంఖ్యలు వేసి తరలించడం కుదరదు. తరలించదగిన వస్తువుకు ఒక శాస్త్రం తోడుగా నిలిచింది. తరలించలేనివి పరిహారపు లెక్కగా మిగిలాయి.

5. పాలమూరు కరువు: వృద్ధి పక్షపు వాదన

ఇక్కడ వృద్ధి పక్షాన ఉన్న వాదాన్ని కూడా న్యాయంగా పరిశీలించాలి. ఈ మూడు జిల్లాల ప్రజలకు వృద్ధి అంటే విలాసం కాదు. వర్షాభావం, మెట్ట సేద్యం, అప్పుల వల్ల తరాల తరబడి ఇక్కడి కుటుంబాలు వలస వెళ్లాయి. దేశంలోని అనేక ఆనకట్టలను, కాలువలను, రహదారులను కట్టిన కూలీలకు ‘పాలమూరు లేబర్’ అన్న పేరే స్థిరపడింది. ఇతరుల పొలాలకు నీరు మళ్లించే కాలువలు తవ్వినవారి సొంత ఊళ్లు ఎండిపోయాయి. కృష్ణానది ఈ నేలను ఆనుకొని పారుతున్నా, నీటి మట్టం లోతున ఉండటం చేత ఎత్తిపోతలు లేకుండా పొలానికి నీరు చేరని భౌగోళిక స్థితి ఇది.

వనపర్తి సంస్థానాధీశుల కాలం నుంచే ఇక్కడ ఇంజనీరింగు శాస్త్రం ఈ కరువుకు పరిష్కారం వెతికింది. 1949లో మొదలై 1959లో పూర్తయిన సరళాసాగర్, నీరు నిర్ణీత మట్టానికి చేరగానే మనిషి ప్రమేయం లేకుండా వరదను వదిలే సైఫన్ల ఏర్పాటుతో పేరు పొందింది. గద్వాల సమీపాన 1981లో శంకుస్థాపన జరిగిన జూరాల ప్రాజెక్టు 1995లో జాతికి అంకితమైంది. శ్రీశైలం జలాశయపు వెనుక నీటిని ఎత్తిపోసే కల్వకుర్తి పథకం కొల్లాపురం సమీపాన ఎల్లూరు వద్ద మొదలవుతుంది. 2015 జూన్ 11న శంకుస్థాపన జరిగిన పాలమూరు–రంగారెడ్డి ఎత్తిపోతల పథకంలో మొదటి పంపు 2023 సెప్టెంబరు 16న నార్లాపూర్ వద్ద నీరు ఎత్తింది.

ఈ పథకాల వల్ల కూడా పొలాలు, అడవి అంచులు, ఊళ్లు జలాశయాల కింద పోయాయి. అయినా వీటిపై రైతు చూపు భిన్నమైనది. అతనికి ఆ నీరు వలసకు విరుగుడు. కాబట్టి వృద్ధి, పరిరక్షణల వైరుధ్యాన్ని ఈ ప్రాంతంలో చర్చించే ఏ శాస్త్ర సంఘమైనా మొదట ఒక వివేచన చేయవలసి ఉంటుంది. తిండిగింజకూ తాగునీటికీ అవసరమైన వృద్ధి ఒకటి. ప్రయోజనం దూరాన ఎక్కడో, నష్టం మాత్రం ఇక్కడే ఉండే వృద్ధి మరొకటి. అమెరికా సంఘాల ప్రకటనలు వృద్ధి మొత్తం పరిమాణాన్ని కొలిచాయి. పాలమూరు చరిత్ర ఆ వృద్ధి ఎవరి వాటాకు వస్తున్నదో కూడా కొలవమంటున్నది.

6. శిలల శాస్త్రం: యురేనియం అన్వేషణ

నల్లమలను చదివిన నాలుగవ శాస్త్రం భూగర్భశాస్త్రం. కడప శిలా మండలంలో భాగమైన శ్రీశైలం ఉపమండలపు ఉత్తర అంచులలో 1990ల నుంచి యురేనియం నిక్షేపాల జాడలు బయటపడ్డాయి. అతి ప్రాచీనమైన గ్రానైటు శిలలపై తర్వాతి యుగానికి చెందిన క్వార్ట్‌జైట్ పొరలు పరచుకొన్న సంధి ప్రదేశాన ఈ ఖనిజం కేంద్రీకృతమై ఉంటుంది. నల్లగొండ జిల్లాలోని లంబాపూర్, పెద్దగట్టు, చిత్రియాల్ ఈ విధంగా వార్తలకెక్కాయి. లంబాపూర్–పెద్దగట్టు గని ప్రతిపాదనపై 2003లో జరిగిన బహిరంగ విచారణలో తీవ్ర వ్యతిరేకత వ్యక్తమైంది.

ఈ అన్వేషణ చేసేది అణుశక్తి విభాగానికి చెందిన అణు ఖనిజాల అన్వేషణ, పరిశోధన సంచాలకత్వం. దీని ప్రధాన కార్యాలయం హైదరాబాదులోనే ఉన్నది. అమ్రాబాద్ టైగర్ రిజర్వులో 83 చదరపు కిలోమీటర్ల మేర అన్వేషణకు ఈ సంస్థ అనుమతి కోరింది. వేల సంఖ్యలో బోర్లు వేయవలసి ఉంటుందన్న వివరం పత్రికల్లో వచ్చినప్పుడు పీఠభూమిపై ఆందోళన మొదలైంది.

సంస్థ పక్షాన వాదన స్పష్టమైనదే. అణువిద్యుత్తుకు ఇంధనం కావాలి. దేశంలో యురేనియం నిల్వలు పరిమితం. అన్వేషణ వేరు, తవ్వకం వేరు. ఉన్నదో లేదో తెలుసుకోవడమే ప్రస్తుత ఉద్దేశం. వ్యతిరేకించినవారు దీనికి ఇచ్చిన సమాధానమూ అంత స్పష్టమైనదే. బోరు యంత్రం చేరాలంటే దారి వేయాలి, చెట్లు కొట్టాలి. ప్రజాధనం వెచ్చించి నిక్షేపాన్ని లెక్కగట్టిన తర్వాత దాన్ని తవ్వకుండా వదలడం అరుదు. పీఠభూమి వాగులు డిండికి, కృష్ణకు చేరతాయి. దిగువన నాగార్జునసాగర్ జలాశయం హైదరాబాదు నగరానికి తాగునీటి ఆధారాలలో ఒకటి. కనుక నష్టం అడవితో ఆగదు.

2019 వర్షాకాలంలో అమ్రాబాద్, పదర మండలాల ప్రజలు, చెంచు పెంటల వాసులు, విద్యార్థులు, అధ్యాపకులు, కవులు, రచయితలు, చలనచిత్ర నటులు ఈ వ్యతిరేకతలో పాలుపంచుకొన్నారు. శాసనసభ తీర్మానం ఆ ఉద్యమానికి ఫలితం.

7. సంఘం, కమిటీ: రెండు వేదికల స్వభావం

పైన ప్రస్తావించిన రెండు అనుకూల సిఫారసులను శాస్త్రజ్ఞుల వైఫల్యంగా భావించడం తొందరపాటవుతుంది. ఇక్కడ గ్రహించవలసినది వేదిక స్వభావం.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2002లో జరిగిన సవరణ జాతీయ వన్యప్రాణి మండలికి రూపమిచ్చింది. ప్రధానమంత్రి అధ్యక్షతన ఉండే ఆ మండలిలో పరిరక్షణ నిపుణులకు, పర్యావరణ శాస్త్రజ్ఞులకు, స్వచ్ఛంద సంస్థల ప్రతినిధులకు చట్టమే స్థానం కల్పించింది. ముఖ్యమంత్రి అధ్యక్షతన రాష్ట్ర మండలి ఉంటుంది. 1980 నాటి అటవీ సంరక్షణ చట్టం కింద సలహా కమిటీ పనిచేస్తుంది. 2006 సవరణ తర్వాత టైగర్ రిజర్వు భూమిని మరొక అవసరానికి మళ్లించాలంటే జాతీయ మండలి ఆమోదం, పులుల సంరక్షణ ప్రాధికార సంస్థ సలహా తప్పనిసరి. కాగితం మీద ఇంతటి కట్టుదిట్టమైన ఏర్పాటు అరుదు.

అయినా కమిటీ ముందుకు వచ్చేది ఎప్పుడూ ఒక దస్త్రమే. ఒక రహదారి, ఒక కాలువ, ఒక విద్యుత్ తీగ, ఒక సర్వే. ఏ షరతులతో ఈ దస్త్రాన్ని ముందుకు పంపవచ్చు అన్నదే అక్కడి ప్రశ్న. ఒక్కొక్క దస్త్రం వల్ల జరిగే నష్టం చిన్నదిగానే కనిపిస్తుంది. పదేళ్లలో వచ్చిన దస్త్రాలన్నింటినీ కలిపి చూస్తే తప్ప అసలు వైరుధ్యం కంటికి ఆనదు. ఆ కలిపి చూసే పని ఏ ఒక్క దస్త్రంలోనూ ఎజెండాగా ఉండదు. కమిటీ సభ్యుడైన శాస్త్రజ్ఞుడు తన ముందు పెట్టిన కాగితానికే జవాబు ఇస్తాడు.

శాస్త్ర సంఘం స్థితి ఇందుకు భిన్నం. దానికి దస్త్రం ఉండదు, గడువు ఉండదు. తాను ఎంచుకొన్న ప్రశ్నను తానే వేసుకోగలదు. దాని ప్రకటన అందరికీ అందుబాటులో ఉంటుంది, ఖండనకు నిలబడవలసి ఉంటుంది. 2003లో అమెరికా సంఘాలు వినియోగించుకొన్నది ఈ స్వేచ్ఛనే. అవి చెప్పిన సిద్ధాంతంతో విభేదించేవారు సైతం ఆ పద్ధతి విలువను కాదనలేరు.

8. సైలెంట్ వ్యాలీ అనుభవం

భారతదేశంలో ఇటువంటి స్వేచ్ఛను వినియోగించిన ఉదాహరణ లేకపోలేదు. కేరళలోని పాలక్కాడు జిల్లాలో కుంతిపుళ నదిపై తలపెట్టిన జలవిద్యుత్ ప్రాజెక్టు సైలెంట్ వ్యాలీ అడవిని ముంచివేయగలదని 1970లలో వివాదం రేగింది. 1979లో కేరళ శాస్త్ర సాహిత్య పరిషత్తు ఆ ప్రాజెక్టుపై సాంకేతిక, ఆర్థిక, సామాజిక, రాజకీయ సమీక్షను ప్రచురించింది. దాన్ని తయారుచేసినవారిలో వృక్షశాస్త్రజ్ఞుడు ఎం.కె. ప్రసాద్, అణు ఇంజనీరు ఎం.పి. పరమేశ్వరన్, విద్యుత్ ఇంజనీరు వి.కె. దామోదరన్, అర్థశాస్త్రవేత్త కె.పి. కణ్ణన్ ఉన్నారు.

ఆ నివేదిక ప్రత్యేకత దాని కూర్పులోనే ఉన్నది. అడవి అపురూపమైనదని చెప్పి ఊరుకోలేదు. మలబారు ప్రాంతానికి విద్యుత్తు అవసరమా, అవసరమైతే ఎంత, వేరే మార్గాన లభిస్తుందా అన్న లెక్కలను కూడా ముందుంచింది. పరిరక్షణ కోరేవారు అభివృద్ధికి శత్రువులన్న ఆరోపణకు అది సమాధానమైంది. బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘపు సాలిం అలీ వంటి పెద్దలు కూడా ప్రాజెక్టును విరమించుకోవాలని కోరారు. చివరకు ప్రాజెక్టు ఆగింది. 1984లో ఆ అడవి జాతీయ వనంగా ప్రకటితమైంది.

నల్లమలతో పోల్చినప్పుడు తేడా స్పష్టమవుతుంది. సైలెంట్ వ్యాలీలో వృక్షశాస్త్రం, ఇంజనీరింగు, అర్థశాస్త్రం ఒకే పుస్తకంలో కూర్చున్నాయి. నల్లమల విషయంలో పక్షులు బొంబాయి పత్రికలో, చెంచులు మానవశాస్త్ర గ్రంథంలో, మొక్కలు వృక్ష సర్వేక్షణ సంపుటాల్లో, శిలలు భూగర్భశాస్త్ర వ్యాసాల్లో విడివిడిగా నిలిచాయి. ఉద్యమం గెలిచినా, ఆ గెలుపు వెనుక ఒక సమగ్రమైన లెక్క ఉండటం వేరు, జనాగ్రహం మాత్రమే ఉండటం వేరు. లెక్క పుస్తకంగా మిగిలి తర్వాతి ప్రభుత్వానికీ తర్వాతి తరానికీ జవాబు చెబుతుంది. ఆగ్రహాన్ని ప్రతిసారీ కొత్తగా కూడగట్టుకోవలసి వస్తుంది.

9. చెంచుల స్థానం

ఈ చర్చలో తరచు మరుగునపడే కోణం ఒకటి మిగిలి ఉన్నది. చెంచులకు వృద్ధి ఒకవైపు, పరిరక్షణ మరొకవైపు రెండూ ఒత్తిడిగానే పరిణమించాయి. యురేనియం తవ్వకం వస్తే అడవి పోతుంది. టైగర్ రిజర్వు కీలక ప్రాంతం మనుషులు లేని చోటుగా ఉండాలంటే పెంట ఖాళీ చేయవలసి వస్తుంది. 2006 నాటి చట్ట సవరణ అటువంటి తరలింపు స్వచ్ఛందంగా, హక్కులను గుర్తించిన తర్వాతే జరగాలని నిర్దేశించింది. అదే ఏడాది వచ్చిన అటవీ హక్కుల చట్టం గ్రామసభకు మాట ఇచ్చింది. ఆచరణలో నష్టపరిహారపు మొత్తం, ఇల్లు, భూమి అన్న మూడు మాటల చుట్టే సంభాషణ తిరుగుతుంది. తేనె పట్టు ఏ కొండ కొమ్మున ఉన్నదో, తపసి బంక ఏ చెట్టుకు ఎప్పుడు కారుతుందో తెలిసిన జ్ఞానం కొత్త కాలనీలో ఎవరికీ పనికిరాదు.

హైమండార్ఫ్ కాలంలో చెంచులకై అడవి ప్రత్యేకించబడింది. అర్ధశతాబ్దం గడిచేసరికి అదే అడవి పులికై ప్రత్యేకించబడింది. రెండు నిర్ణయాల వెనుకా శాస్త్రమే ఉన్నది. ఒక శాస్త్రం మనిషి వైపు నుంచి చూసింది, మరొకటి పులి వైపు నుంచి చూసింది. ఈ రెండింటినీ ఎదురెదురుగా కూర్చోబెట్టే సంఘం లేనంతకాలం, ఆ రెండు నిర్ణయాల భారం పెంట మీదనే పడుతుంది.

10. ముగింపు

పై పరిశీలన వల్ల మూడు అంశాలు తేలుతున్నాయి.

మొదటిది: గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతంలో శాస్త్రానికి కొరత లేదు. పక్షుల నుంచి శిలల వరకు, ఆలయాల నుంచి ఎత్తిపోతల వరకు ప్రతిదానిపై నిపుణుల కృషి జరిగింది. కొరత ఉన్నది ఆ కృషిని ఒక్క లెక్కగా కూర్చడంలో.

రెండవది: శాసనబద్ధ కమిటీలో శాస్త్రజ్ఞుడు కూర్చున్నంత మాత్రాన శాస్త్రం తన మాట చెప్పినట్లు కాదు. 2016, 2019 సిఫారసులు ఈ విషయాన్ని రుజువు చేస్తున్నాయి. దస్త్రం అడిగే ప్రశ్నకు ఆవల ఉన్న ప్రశ్నను వేయగలిగేది స్వతంత్ర సంఘమే.

మూడవది: వృద్ధి, పరిరక్షణల వైరుధ్యం నిజమైనదే అయినా, కరువు నేలపై దాన్ని చెప్పే భాష వేరుగా ఉండాలి. నార్లాపూర్ పంపు కోసం ఎదురుచూసిన రైతును, అమ్రాబాద్ బోరును అడ్డుకొన్న చెంచును ఒకే వాక్యంలో ‘అభివృద్ధి వ్యతిరేకి’ అనో ‘ప్రకృతి విధ్వంసకుడు’ అనో ముద్ర వేయడం కుదరదు. ఇద్దరూ కోరుతున్నది తమ ఊళ్లోనే బతికే వీలు.

శాసనసభ తీర్మానం యురేనియం తవ్వకానికి రాష్ట్రపు అభ్యంతరాన్ని నమోదు చేసింది. ఖనిజం మాత్రం క్వార్ట్‌జైట్ పొరల కింద అలాగే ఉన్నది. విద్యుత్ అవసరం పెరుగుతూనే ఉన్నది. ఆ దస్త్రం మళ్లీ ఏ రూపంలో వచ్చినా, దాన్ని ఎదుర్కొనేనాటికి పక్షుల జాబితా, చెంచుల గ్రంథం, వృక్షజాల సంపుటాలు, శిలల పటం, వాగుల లెక్క ఒకే బల్ల మీద ఉండాలి. ఆ బల్లను ఏర్పాటు చేయడం విశ్వవిద్యాలయాలకు, శాస్త్ర సంఘాలకు ఈ ప్రాంత చరిత్ర అప్పగించిన పని. ఆ బల్ల వద్ద చెంచు గ్రామసభకు కూడా ఒక ఆసనం ఉన్నప్పుడే ఆ లెక్క పూర్తవుతుంది.